నెలకొక్క వీకెండ్ ఊరు దాటండి: హైదరాబాద్ ఉద్యోగులకు సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లలో చాలామందికి శని, ఆదివారాలు సెలవు ఉంటుంది కానీ విశ్రాంతి ఉండదు. శనివారం బారెడు పొద్దెక్కేదాకా నిద్ర. లేచాక బట్టలు, సరుకులు, సాయంత్రం పిల్లల పేచీ మీద ఏదో ఒక మాల్. ఆదివారం ఎవరింట్లోనో ఫంక్షన్. రాత్రి తొమ్మిదయ్యేసరికి సోమవారం మీటింగ్ గుర్తొచ్చి గుండెల్లో గుబులు. వారాలు ఇలా గడిచిపోతుంటే ఏడాది ఎక్కడికి పోయిందో తెలీదు. నెలకు ఒక్క వీకెండ్ అయినా ఊరు దాటి వెళ్లాలని గట్టిగా చెప్తాను. వెళ్లొచ్చాక ఆ అలసట తీరడానికి ఇంకో రోజు సెలవు పెట్టాల్సి రాకుండా వెళ్లాలని అంతకంటే గట్టిగా చెప్తాను.

ఇలాంటి రెండు రోజుల ప్రయాణం బాగుందా లేదా అన్నది ఏ ఊరు వెళ్లామన్నదాని కన్నా, ఎన్నింటికి బయల్దేరాం, ఎన్నింటికి తిరుగుముఖం పట్టాం అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. మంచి జలపాతాన్ని కూడా ఆదివారం రాత్రి ట్రాఫిక్ జామ్ మరిపించేస్తుంది. కింద చెప్పే పద్ధతి అంతా ఆ రెండు వేళలను కాపాడుకోవడం గురించే. వరంగల్, రామప్ప, లక్నవరం ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుని వివరంగా రాశాను.

మొదటి మెట్టు: మ్యాప్ కన్నా ముందు క్యాలెండర్

మన వీకెండ్లను మింగేసేవి ఆఫీసు తర్వాత పెళ్లిళ్లే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే ముహూర్తాల జోరు. శుభలేఖలు రాకముందే ప్లాన్ వేసుకుంటే సగం సార్లు రద్దు చేసుకోవాల్సి వస్తుంది. అందుకే తెలుగు క్యాలెండర్ ముందు పెట్టుకుని పెళ్లిళ్లు లేని నెలలను గుర్తుపెట్టుకోండి. ఆషాఢం, పుష్యం, భాద్రపదం మనకు దొరికే వరాలు. పుష్యమాసం చలికాలంలో వస్తుంది కాబట్టి కోటలకు, ఎండ తగిలే గుట్టలకు అంతకన్నా మంచి కాలం లేదు. ఆషాఢంలో వానలు మొదలై నేలంతా పచ్చబడుతుంది. హైదరాబాద్‌లో ఆషాఢం ఆదివారాలు బోనాలవి కాబట్టి మీ ఇంట్లో బోనం ఎత్తే వారం ఏదో ముందే చూసుకోండి.

దూరపు పెళ్లిళ్లను ప్రయాణాలుగా మార్చుకోవడం ఇంకో మార్గం. హనుమకొండలో శనివారం రాత్రి ముహూర్తం ఉంటే, శనివారం పొద్దున్నే బయల్దేరి పగలంతా రామప్పలో గడిపి సాయంత్రం పెళ్లికి చేరుకోవచ్చు. పట్టుచీరలు కారులో ఉంటాయి, రామప్ప హనుమకొండ దాటాక అదే దారిలో వస్తుంది.

లాంగ్ వీకెండ్ల గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు. శుక్రవారమో సోమవారమో పండగ కలిసొచ్చిన మూడు రోజుల సెలవుల్లో ఎక్కడికీ వెళ్లకండి. ఆ రోజు సగం నగరం రోడ్డు మీదే ఉంటుంది. రూము అద్దెలు పెరుగుతాయి, విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు తీరతాయి, శ్రీశైలం క్యూలో పిల్లలు అల్లాడిపోతారు. ఆ మూడు రోజులూ ఇంటిపట్టున ఉండి, ఏ విశేషమూ లేని మామూలు వారంలో శుక్రవారం ఒక్కరోజు సెలవు పెట్టండి. శుక్ర, శని రెండు రోజులు తిరిగి ఆదివారం పూర్తిగా ఇంట్లో గడపొచ్చు. చేతిలో ఉన్న సెలవులను ఇంతకన్నా బాగా వాడుకునే దారి నాకు తెలీదు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియం, నాగార్జునకొండ మ్యూజియం లాంటివి శుక్రవారం మూసి ఉంటాయి.

రెండో మెట్టు: దూరానికి హద్దు గీసుకోండి

ఒక వైపు ప్రయాణం నాలుగున్నర గంటలు దాటితే అది వీకెండ్ ప్రయాణం కాదు, రాత్రి రైలో బస్సో ఎక్కాల్సిన ప్రయాణం. ఈ లెక్కన హైదరాబాద్ చుట్టూ మూడు వలయాలు ఏర్పడతాయి.

వంద కిలోమీటర్ల లోపు: వికారాబాద్ అనంతగిరి కొండలు, భువనగిరి కోట, ఆలేరు దగ్గర కొలనుపాక జైన మందిరం, మెదక్ చర్చి. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు, రూము అక్కర్లేదు. చంటిపిల్లలున్నవాళ్లు, కొత్తగా ఈ అలవాటు మొదలుపెట్టేవాళ్లు ఇక్కడినుంచే మొదలుపెట్టాలి.

వంద నుంచి 220 కిలోమీటర్లు: బీదర్, నాగార్జునసాగర్, వరంగల్, రామప్ప, శ్రీశైలం. ఒక రాత్రి బస కావాలి. ఈ గైడ్ ముఖ్యంగా ఈ వలయం గురించే.

అంతకు మించినవి: గండికోట, బెలూం గుహలు, అరకు, పాపికొండలు. గండికోటలో పెన్నా నది చీల్చుకున్న లోయను సూర్యోదయంలో చూడాలని అందరికీ ఉంటుంది. అందుకోసం శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి రాత్రంతా కారు నడుపుతానంటే మాత్రం వద్దంటాను. జమ్మలమడుగు వైపు రాత్రి బస్సులో వెళ్లి అక్కడ ఆటో మాట్లాడుకోండి. అరకు అయితే ముందురోజు రాత్రి రైల్లో విశాఖ చేరి, పొద్దున్నే కిరండూల్ రైలు పట్టుకోవాలి. దానికి సోమవారం కూడా సెలవు ఉంటేనే హాయి.

ఒక ప్రయాణానికి రెండు చోట్లు చాలు, మహా అయితే మూడు. "ఇంత దూరం వచ్చాం కదా, అది కూడా చూసేద్దాం" అన్న మాట కారులో ఎవరో ఒకరి నోట తప్పక వస్తుంది. ఆ మాట విన్న రోజు ఇల్లు చేరేది అర్ధరాత్రికే. మిగిలినవి ఇంకోసారి చూడొచ్చని బయల్దేరే ముందే అందరికీ చెప్పి ఉంచండి.

మూడో మెట్టు: కాలాన్ని బట్టి చోటు

మార్చి చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా తెలంగాణ ఎండలో రాతి కోటలు ఎక్కడం ప్రమాదం. పెద్దవాళ్లతో అసలే వద్దు. ఆ రోజుల్లో తెల్లవారుజామున వెళ్లి తొమ్మిదింటికల్లా తిరిగొచ్చే చిన్న ప్రయాణాలకే పరిమితం కండి.

బొగత జలపాతం లాంటివి జులై నుంచి సెప్టెంబర్ మధ్యలో నిండుగా ఉంటాయి. నీళ్లు ఉధృతంగా ఉన్న రోజుల్లో లోపలికి వదలరు, కాబట్టి వెళ్లే ముందు వార్తలు చూసుకోండి. చెరువులు, రిజర్వాయర్లు ఆగస్టు తర్వాతే కళకళలాడతాయి. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారని టీవీలో చూపించిన వారం అందరూ అక్కడే ఉంటారు. ఆ తర్వాతి వారం వెళ్తే నీళ్లూ ఉంటాయి, నిలబడి చూడ్డానికి చోటూ ఉంటుంది. సాగర్‌లో నాగార్జునకొండ దీవికి లాంచీ ఎక్కాలంటే మధ్యాహ్నానికి ముందే విజయపురి సౌత్ చేరాలి.

శ్రీశైలానికి కార్తీకమాసం వీకెండ్‌లో వెళ్లేది భక్తికైతే సరే, విశ్రాంతికైతే వేరే నెల చూసుకోండి. ఆ దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలను వదలరు. ఇది తెలియక శుక్రవారం రాత్రి బయల్దేరినవాళ్లు గేటు ముందు కారులోనే కునుకు తీస్తుంటారు. పొద్దున మూడున్నరకు ఇంట్లోంచి కదిలితే గేటు తీసే వేళకు సరిగ్గా అక్కడుంటారు.

నాలుగో మెట్టు: బుకింగ్

2024 నవంబర్ 1 నుంచి రైలు టికెట్లు 120 రోజులు కాకుండా 60 రోజుల ముందే తెరుచుకుంటున్నాయి. రెండు నెలల తర్వాతి వారానికి ఇవాళే టికెట్ తీసుకోవడం అలవాటు చేసుకుంటే నెలకొక ప్రయాణం దానంతట అదే సాగుతుంది. తత్కాల్ మీద ఆధారపడితే, ఏసీ తరగతులకు ముందురోజు ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు మొదలవుతుంది. అంటే శుక్రవారం రాత్రి రైలుకు గురువారం ఉదయం, సరిగ్గా మీ స్టాండప్ మీటింగ్ వేళ. 2025 జులై నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతాలకే ఆన్‌లైన్ తత్కాల్ ఇస్తున్నారు. ఆ పని ఇవాళే పూర్తిచేసి పెట్టుకోండి.

రూము విషయంలో నేను చూసేది రెండే: కారు పెట్టుకునే చోటు, పొద్దున ఆరింటికి వేడినీళ్లు. ఈ రెండూ ఫోన్ చేసి అడగాలి, యాప్‌లో ఫొటోలు చూస్తే తెలీవు. టూరిజం శాఖ హరిత హోటళ్లలో గదులు మరీ కొత్తగా ఉండకపోయినా, చాలావరకు చూడాల్సిన చోటు పక్కనే ఉంటాయి. ఆ కలిసొచ్చే గంట విలువ పెద్దది.

ఐదో మెట్టు: గురువారం మధ్యాహ్నం ఆఫీసు అప్పగింతలు

శరీరం లక్నవరంలో, మనసు ఆఫీసు గ్రూపులో ఉంటే వెళ్లి ప్రయోజనం లేదు. అమెరికా క్లయింట్లతో పనిచేసేవాళ్లకు శుక్రవారం సాయంత్రం ముగియదు. మనకు రాత్రి ఎనిమిదయ్యేసరికి న్యూయార్క్‌లో వాళ్ల పని మొదలై ఎంతోసేపు కాదు. కాబట్టి శుక్రవారం దాకా ఆగకుండా గురువారమే అప్పగింతలు పెట్టండి. మేనేజర్‌కూ, మీ పని చూసుకునే సహోద్యోగికీ ఇంత చిన్న సందేశం చాలు: "ఫలానా రెండు పనులు పెండింగ్‌లో ఉన్నాయి, వాటి వివరాలన్నీ ఈ ఫైల్లో ఉన్నాయి. శని, ఆదివారాలు ప్రయాణంలో ఉంటాను, సిగ్నల్ సరిగా ఉండదు. నిజంగా అత్యవసరమైతే ఫోన్ చేయండి, మెసేజ్ చూడను. ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత అందుబాటులో ఉంటాను."

"మెసేజ్ చూడను, ఫోన్ చేయండి" అన్న వాక్యం చాలా పనిచేస్తుంది. మెసేజ్ పంపడం తేలిక, ఫోన్ చేయాలంటే మనిషి ఒక్క క్షణం ఆలోచిస్తాడు. నిజంగా అవసరమైనవే వస్తాయి. ఆన్‌కాల్ డ్యూటీ పడితే ముందే మార్చుకోండి, బదులుగా ఇంకో వారం వాళ్లది మీరు తీసుకోండి. ఎప్పుడూ అడగడమే తప్ప ఇవ్వడం లేకపోతే మూడోసారి ఎవరూ ఒప్పుకోరు.

శుక్రవారం లాగౌట్ అయ్యాక ఆఫీసు గ్రూపులన్నీ మ్యూట్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వర్క్ ప్రొఫైల్ ఉంటే ఒక్క స్విచ్‌తో ఆఫీసు యాప్‌లన్నీ ఆగిపోతాయి. ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉండాలి. తీసుకెళ్తే తెరుస్తారు.

ఆరో మెట్టు: ఇంటి పనులను వారం మధ్యలోకి నెట్టండి

వీకెండ్ వెళ్లిపోతే బట్టలెవరు ఉతుకుతారు, కూరగాయలెవరు తెస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా బయల్దేరితే ఆదివారం రాత్రి ఇంట్లో గొడవ ఖాయం, ఆ భారం కూడా మామూలుగా ఇంటి ఇల్లాలి మీదే పడుతుంది. ప్రయాణం ఉన్న వారం మంగళవారం ఒక విడత, గురువారం ఒక విడత బట్టలు వేయండి. సోమ, మంగళవారాలకు కూరగాయలు బుధవారమే వచ్చేయాలి. ఇడ్లీ పిండి శుక్రవారం రుబ్బి పులవకముందే ఫ్రిజ్‌లో పెట్టి, ఆదివారం సాయంత్రం బయట పెడితే సోమవారం పొద్దున టిఫిన్ బెంగ ఉండదు. ఈ పనులు ఎవరెవరు చేయాలో ఇద్దరూ కూర్చుని పంచుకోండి. ఒకరి విశ్రాంతి కోసం ఇంకొకరు రెట్టింపు కష్టపడితే అది ఇద్దరి సెలవూ కాదు.

బ్యాగులు గురువారం రాత్రే సర్దాలి. ఒక్కో మనిషికి రెండు జతలు, రాత్రి వేసుకునేవి, ఒక తువ్వాలు. జ్వరం మాత్రలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పెద్దవాళ్ల బీపీ, షుగర్ మందులు చేతి సంచిలో ఉండాలి, డిక్కీలో కాదు. ఐదొందల కాగితాలే కాకుండా పదులు, యాభైలు కలిపి రెండు వేలు నగదు పెట్టుకోండి. అడవి దారుల్లో సిగ్నల్ లేక యూపీఐ ఆగిపోతే టీ డబ్బులు కూడా ఇవ్వలేం. తిండికి పులిహోరను మించింది లేదు. శనివారం తెల్లవారుజామున కలిపితే మధ్యాహ్నం దాకా నిశ్చింత. పెరుగన్నం మాత్రం ఎండలో తొందరగా పులిసిపోతుంది.

ఏడో మెట్టు: బయల్దేరే వేళ

సొంత కారైతే శనివారం తెల్లవారుజామున ఐదు గంటలు. శుక్రవారం రాత్రి కాదు. రోజంతా స్క్రీన్ చూసి, నగర ట్రాఫిక్‌లో రెండు గంటలు ఈది, ఆ తర్వాత హైవే ఎక్కి అర్ధరాత్రి దాకా నడపడం ఒంటికీ మంచిది కాదు, కారులో ఉన్నవాళ్లకూ మంచిది కాదు. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటే నాలుగున్నరకు హాయిగా లేవొచ్చు. తెల్లవారుజామున ఉప్పల్ దాటడానికి పట్టే సమయం, శుక్రవారం సాయంత్రం పట్టే దాంట్లో పావు వంతు ఉండదు.

ఇక ఉదాహరణ.

వరంగల్, రామప్ప, లక్నవరం: ఒక వీకెండ్

గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఉండేవాళ్లు నగరంలోంచి వెళ్లకుండా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఘట్‌కేసర్ దగ్గర దిగితే నేరుగా వరంగల్ హైవే మీదకు వస్తారు. ఇది 163వ జాతీయ రహదారి. భువనగిరి, జనగామ మీదుగా వరంగల్, అక్కడినుంచి ములుగు వైపు సాగుతుంది. జనగామలో టిఫిన్ చేయండి. దారిలో వచ్చే పెంబర్తి ఇత్తడి పనికి పేరున్న ఊరు. కొనాలనుకుంటే తిరుగు ప్రయాణంలో ఆగండి, వెళ్లేటప్పుడు ఆగితే రామప్ప దగ్గర ఎండ నెత్తికెక్కుతుంది.

వరంగల్‌లో ఆగకుండా ముందుకెళ్లండి. ములుగు దాటి పాలంపేట చేరేసరికి పది అవుతుంది. ఇక్కడ కనీసం రెండున్నర గంటలు కేటాయించండి. చాలామంది ముప్పావు గంటలో ఫొటోలు దిగి వెళ్లిపోతారు, అది చూస్తే నాకు బాధేస్తుంది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆలయం ఇది. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దేవుడి పేరుతో కాక శిల్పి పేరుతో జనం పిలుచుకునే గుడి.

చూడ్డానికి ఒక క్రమం చెప్తాను. ముందు లోపలికి వెళ్లకుండా చుట్టూ ఒకసారి తిరగండి. గోడలు ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, మాత్రం నల్లటి గట్టి రాయి. ఏనుగుల వరుస గుడి చుట్టూ సాగుతుంది. మదనికల నగల్లో గొలుసు ముడులు దాకా విడివిడిగా కనిపిస్తాయి. ఒక బొమ్మ కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటాయి, పిల్లలను వెతకమనండి. తర్వాత లోపలి మండపంలో స్తంభాల ముందు కూర్చోండి. రాతిని ఎంత సన్నగా తొలిచారంటే సందుల్లోంచి దారం దూర్చొచ్చు. పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టిన నటరాజ రామకృష్ణకు ఈ శిల్పాల భంగిమలే ఆధారమయ్యాయి. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. పునాది గోతిని ఇసుకతో నింపి దాని మీద కట్టారు. ఇవన్నీ విడమరచి చెప్పే గైడ్లు గుడి దగ్గరే ఉంటారు, తప్పకుండా మాట్లాడుకోండి. ఎండ పెరిగాక రామప్ప చెరువు గట్టు మీద చెట్టు నీడన పులిహోర విప్పండి.

మధ్యాహ్నం ఒంటిగంటకు లక్నవరం బయల్దేరితే గంటలోపే చేరతారు. కాకతీయుల కాలపు చెరువు, మధ్యలో దీవులు, వాటికి వేలాడే వంతెనలు. బోటు ఎక్కితే లైఫ్‌జాకెట్ పట్టీలు బిగించుకున్నాకే కదలనివ్వండి. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదాన్ని మరిచిపోకూడదు. ఇక్కడ బస దొరికితే ఉండిపోండి, రాత్రి ఆకాశం నిండా చుక్కలు కనిపిస్తాయి. దొరక్కపోతే ఐదింటికల్లా బయల్దేరి హనుమకొండ చేరండి. చీకటి పడ్డాక అడవి దారిలో పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి. రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే మాఘమాసంలో, దానికి ముందు వారాల్లో కూడా, ఈ దారంతా జనమే. అప్పుడు ఈ ప్రయాణం పెట్టుకోవద్దు.

ఆదివారం పొద్దున ఏడింటికి వేయిస్తంభాల గుడి. 1163లో రుద్రదేవుడు కట్టించింది. ఏళ్ల తరబడి విప్పి పెట్టిన కల్యాణ మండపాన్ని తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు, దాన్ని చూడండి. అక్కణ్నుంచి భద్రకాళి గుడి, తర్వాత ఖిలా వరంగల్‌లో కీర్తితోరణాలు. ఆదివారం లేవడం ఆలస్యమైతే భద్రకాళి వదిలేయండి, తోరణాలు వదలొద్దు.

కారు లేనివాళ్లు సికింద్రాబాద్ నుంచి పొద్దున రైలెక్కి కాజీపేటలో దిగి, హనుమకొండలో రూము తీసుకుని, ఒకరోజుకు క్యాబ్ మాట్లాడుకోవచ్చు. కారుకైతే మొత్తం దగ్గరదగ్గర 500 కిలోమీటర్లు. లీటరుకు 15 వచ్చే బండికి 33 లీటర్లు పడుతుంది. నలుగురు పంచుకుంటే బరువనిపించదు.

ఎనిమిదో మెట్టు: ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట

ఆ వేళకు ఎక్కడున్నా బండి ఇంటివైపు తిప్పాలి. భోజనం చేసి ఒంటిగంటకు వరంగల్ వదిలితే నాలుగున్నరకు ఇల్లు. నాలుగింటికి వదిలితే యాదగిరిగుట్ట నుంచి వచ్చే బండ్లన్నీ కలిసి ఉప్పల్ చేరేసరికి ఎనిమిదవుతుంది. ఆ మూడు గంటల్లో మీరు చూసే ఇంకో గుడికన్నా, ఇంట్లో గడిపే సాయంత్రం ఎక్కువ.

ఇంటికి చేరగానే బ్యాగులు విప్పి బట్టలు మెషీన్లో వేయండి, స్నానం చేయండి, ఇడ్లీ పిండి బయట పెట్టండి. రాత్రికి చారన్నం, అప్పడం చాలు. ఆఫీసు మెసేజ్‌లు చూడక తప్పదనుకుంటే ఆరింటికి అరగంట చూసి సోమవారం చేయాల్సిన మొదటి మూడు పనులు కాగితం మీద రాసుకుని మూసేయండి. పడుకునే ముందు చూస్తే నిద్ర పాడవుతుంది. రెండు రోజులూ మామూలు కన్నా గంటకు మించి ఆలస్యంగా లేవకపోతే సోమవారం అలారం అంత కష్టంగా అనిపించదు.

పిల్లల స్కూలు బ్యాగు, యూనిఫాం, మీ ఐడీ కార్డు తలుపు దగ్గర పెట్టాక, ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి వచ్చే నెల ఏ శనివారం ఖాళీగా ఉందో చూసి, ఇంట్లో అందరినీ అడిగి ఆ తేదీకి రూము బుక్ చేసేయండి.